బ్లీచింగ్ ఏకాంబరం తొట్టి

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏకాంబరాన్ని అందరూ బ్లీచింగ్ ఏకాంబరం అంటారు. ఇరవై రెండేళ్లుగా ఆయన పని ట్యాంకులు కడగడం. గుజ్జు దిగిపోయిన ట్యాంకును తోమి, క్లోరిన్ నీళ్లు పట్టి, వేలితో రుద్దితే కీచుమనేదాకా వదలడు. ఎక్కడో ఒక్క చుక్క బూజు మిగిలినా డ్రమ్ములకు డ్రమ్ములు పాడైపోతాయి మరి. అందుకే మురికంటే ఆయనకు జన్మవైరం. సీజన్లో పన్నెండు గంటలు నిలబడి ఇంటికొస్తే కాళ్లు తనవి కానట్టుంటాయి, చేతులకు ఆ వాసన మాత్రం పోదు.

ఇంట్లో ఆయన భార్య కోమలి మంచంలో ఉంది. జనవరిలో కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, వాటితోపాటే మాటా పోయింది. కూరగాయల బండివాడితో అరగంట బేరమాడే మనిషి గోడవంక చూస్తూ పడుకుంటే ఏకాంబరానికి అన్నం సయించేది కాదు. మే నెలలో చిత్తూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినప్పుడు, అక్కడి వరండాలో ఉన్న చేపల తొట్టి మీంచి ఆమె చూపు తిప్పలేదు. వచ్చేదారిలో ఆటో ఆపించి, రెండడుగుల అద్దాల తొట్టీ, అయిదు గోల్డు చేపలూ కొనేశాడు.

మూడోరోజు కోమలి ఎడమచేతి వేలెత్తి ఒక్కో చేపనూ చూపించింది. "అయిదు" అంది. నాలుగు నెలల్లో అదే మొదటి మాట. ఏకాంబరం వంటింట్లోకి పోయి ఏడ్చాడు.

ఇంక ఆ తొట్టిని ఎలా చూసుకోవాలో ఆయనకు ఒకరు చెప్పాలా! షిఫ్టు దిగి రాగానే చేపల్ని గిన్నెలోకి తీసి, నీళ్లన్నీ తోడిపోసి, అద్దాలు తోమి, రాళ్లనూ గాలిగొట్టానికి తగిలించిన స్పాంజినీ బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి పిండి, కొళాయి నీళ్లు నింపేవాడు. ఆయన బకెట్టు ఎత్తినప్పుడల్లా కోమలి ఎడమచెయ్యి అటూ ఇటూ ఆడించేది. పక్క మార్చమంటోంది కాబోలనుకుని, ఆమెను గోడవైపు తిప్పి పడుకోబెట్టి, మళ్లీ పనిలో పడేవాడు.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరవసాగాయి. మురికి ఎక్కువైందనుకుని పూటపూటా కడిగాడు. "నాలుగు" అంది కోమలి. కొన్నాళ్లకు "మూడు" అంది. "రెండు" అన్నది సరిగా వినపడనే లేదు. ఒక్కటే మిగిలిన రోజు ఆమె నోరు విప్పలేదు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

సీసాలో ఆ నీళ్లు పట్టుకుని చేపలమ్మిన ప్రేమానందం అంగడికి పోయాడు. ప్రేమానందం మూత తీసి వాసన చూశాడు.

"ఏమప్పా, తొట్టి కడిగినావా, ఆసుపత్రి కడిగినావా?"

"సుబ్బరంగానే కదబ్బా పెట్టినాను! నీళ్లు అద్దం మాదిరి ఉండాయి."

"ఆడే చెడింది. స్పాంజి మీద జిగట ఉంటాది సూడు, దాంట్లో కంటికి కనపడని పురుగులు ఉంటాయి. చేప మలంలో ఉండే విషాన్ని అవే తినేస్తాయి. నువ్వు దినామూ వాటిని సంపితివి, చేప ఆ విషంలోనే ఈదింది. దానిమీద మళ్లా క్లోరిన్!"

ఇరవై రెండేళ్లుగా పురుగుల్ని చంపే అన్నం తింటున్నాడు ఏకాంబరం. ప్రేమానందం తన తొట్టిలోంచి నల్లగా జారిపోతున్న స్పాంజి ముక్క తీసి, నీళ్లతో సహా కవర్లో కట్టిచ్చాడు.

"దీన్ని కడగబాక. కొళాయి నీళ్లు డ్రమ్ములో ఒక దినం నిలబెట్టి, వారానికి నాలుగో వంతు మార్చు, సాలు. మేత సిటికెడు. నెలదాకా కొత్త చేపలు అడగబాక, ఇయ్యను."

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం షిఫ్టుకన్నా కష్టమని ఏకాంబరానికి అప్పుడు తెలిసింది. నీళ్లు మసకబారాయి. అద్దానికి పచ్చగా పాచి పట్టింది. పక్కింటి ఆనందమ్మ చూసి, "నీ ఇంట్లో పాచా అన్నా! ఈ పొద్దు వాన పడతాది" అని నవ్వింది. ఆయనకు నవ్వే ఓపిక లేదు. మిగిలిన చేప ఓ మూల కదలకుండా ఉండేది. బతికిందో లేదో చూడ్డానికి పొద్దున్నే వంగేవాడు, భయపడుతూ.

పన్నెండో రోజు ఇక తట్టుకోలేకపోయాడు. ఇన్నేళ్ల చెయ్యి ఊరుకుంటుందా! బకెట్టు, పీచు తెచ్చుకుని స్పాంజి మీద చెయ్యి వేశాడు.

"వద్దు."

వెనక్కి తిరిగాడు. కోమలి ఎడమచెయ్యి గాల్లో అటూ ఇటూ ఆడుతోంది, ఎప్పుడూ ఆడినట్టే. అన్నాళ్లూ ఆ చెయ్యి చెప్పింది ఇదే. చెప్పిన ప్రతిసారీ తను ఆమె మొహం గోడకు తిప్పాడు.

పీచు కిందపడేసి మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. "తప్పయిపోయింది మే" అన్నాడు. నీళ్లు కారుతున్న ఆయన చేతిని ఆమె పట్టుకోలేదు. పాచి వెనకాల, మూలలోంచి మెల్లగా మధ్యలోకి వస్తున్నదాన్ని వేలితో చూపించింది.

"ఒకటి" అంది.