గ్రేసమ్మ గారి వెలుగు, పెద్దాయన గారి ఇస్త్రీ

మత్తు డాక్టరు గ్రేసమ్మ గారు ఇక లేరు. ఈ వార్త ఆత్మకూరు బస్టాండులో నా చెవిన పడిన క్షణాన చేతిలోని టీ గ్లాసు జారి, ఉదయగిరి బస్సు ఎక్కబోతున్న ఒక నిర్దోషి పాదాల మీద పడింది. ఆయన తిట్టిన తిట్లు అనంతసాగరం దాకా వినపడి ఉంటాయి. నాకు మాత్రం వినపడలేదు. జిల్లా పడమటి సీమలో సగం జనాభాను నిద్రపుచ్చి మళ్లీ లేపిన ఆ మహాతల్లి, తాను మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేవలేదు.

ఉదయగిరిలో మా ఆసుపత్రిలో ఆమె మత్తు డాక్టరు, నేను ఎక్స్-రే తీసేవాణ్ణి. ఆమెది వామనాకారం, మేఘగంభీర స్వరం. 'గట్టిగా ఊపిరి పీల్చు' అంటే రోగితోపాటు వరండాలోని బంధుగణమూ, వింజమూరు రోడ్డు మీద పోతున్న గొర్రెలూ పీల్చేవి.

ఆమె ఆయుధం లారింగోస్కోపు. వంకర తిరిగిన ఉక్కు నాలుక, దాని కొసన మినపగింజంత బల్బు, పిడిలో రెండు బ్యాటరీ సెల్లులు. మత్తెక్కిన మనిషి నోట్లో దాన్ని దించి, ఆ వెలుగులో శ్వాసనాళ ద్వారం చూసి గొట్టం పంపాలి. ప్రతి ఆపరేషనుకు ముందు ఆ బల్బును గుప్పిట్లో మూసి వెలిగించేవారు. వేళ్ల సందులు ఎర్రగా మెరిస్తే సరే, మసకబారితే సెల్లులు మార్పించేవారు. 'చీకట్లో చెయ్యి పెట్టేది దొంగలయ్యా, మనం కాదు' అనేవారు.

అంతటి తేజోమూర్తికి రాహువులా దాపురించినవారు మా పెద్దాయన, అంటే సూపరింటెండెంటు. పేరు రాయను, కాగితం మైలపడుతుంది. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ మడత తగిలితే వంకాయలు రెండుగా చీలేవి. మామూలు సెల్లులు దండగంటూ, ఈ తొంభైల్లో మోజుగా వచ్చిన ఛార్జింగు సెల్లులు తెప్పించి, వాటికి రిబ్బను కట్టించి, తానే కత్తిరించి, పాతవాటిని స్టోరులోంచి సమూలంగా బహిష్కరించారు. మామూలు సెల్లు మెల్లగా మసకబారి, పోయే ముందు కబురు చెబుతుంది. ఈ కొత్తది ఆఖరి క్షణం దాకా తెల్లగా నవ్వి, చెప్పాపెట్టకుండా చస్తుంది. అందుకే రోజూ సాయంత్రం గ్రేసమ్మ గారు స్వయంగా ఛార్జరు పెట్టి ఇంటికి వెళ్లేవారు. ఉదయగిరి కరెంటు సంగతి తెలిసిందే. స్టెబిలైజరున్న ప్లగ్గు మొత్తం ఆసుపత్రిలో ఒక్కటే, థియేటరులో. పెద్దాయన ఇస్త్రీపెట్టె కన్ను కూడా దాని మీదే.

ఒక ఉదయం గొర్రెలు కాసే కుటుంబం ఒక నిండు చూలాలిని తెచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. గ్రేసమ్మ గారు గుప్పిట మూసి చూశారు, ఎర్రగా మెరిసింది. మత్తిచ్చారు. లారింగోస్కోపు గొంతులోకి దిగింది. లైటు ఆరిపోయింది.

"బయట ఎవురి దగ్గరన్నా టార్చి ఉండాదా?" అన్న గర్జనకు ఊరి కొండ మీది కోటగోడల రాళ్లు కదిలాయి. మంద కాపలాకు వాడే టార్చితో ఆ అమ్మాయి మొగుడు చెప్పులతోనే లోపలికి దూకాడు.

"ఈడ, మెడ మీద ఆనించు. కదిలినావంటే నిన్ను గూడా పండబెడతా."

బయటి నుంచి చర్మానికి ఆనించిన ఆ వెలుగులో గొంతు లోపల ఎర్రలాంతరు వెలిగినట్టయింది. గొట్టం దిగింది. తల్లీబిడ్డా బతికారు. ఫిల్ములు ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయిన నాకు, అప్పుడు గోడవైపు చూపు పోయింది. ఛార్జరు వైరు నేల మీద ఉంది. ప్లగ్గులో ఇస్త్రీపెట్టె ఉంది.

స్టాఫు మీటింగులో పెద్దాయన తీర్పు చెప్పారు. "డాక్టరమ్మ ఛార్జింగు పెట్టడం మరిచినాది. పైగా బయటోణ్ణి చెప్పులతో థియేటర్లోకి రానిచ్చినాది."

"ప్లగ్గులో మీ ఇస్త్రీపెట్టె ఉండింది సార్," అన్నాను.

"నీకేందయ్యా, ఎక్స్-రే వాడివి. గోడల్లోంచి గూడా కనపడతాది."

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి 'అజాగ్రత్త' అన్న మాట ఆమె పేరుకు ఇంటిపేరులా అతుక్కుంది. ఆమె కోరింది ఒక్కటే. ఛార్జరు పీకింది తానేనని ఆయన ఆ నలుగురి ముందే చెప్పాలి.

దేవుడు న్యాయమూర్తి. పెద్దాయనకు వరిబీజం ఇచ్చాడు. ఆయన ఆపరేషను టేబులు మీద పడుకున్నారు. గ్రేసమ్మ గారు వెలిగే లారింగోస్కోపు ఆయన కళ్ల ముందు పట్టుకుని మృదువుగా అడిగారు.

"సార్, ఆ పొద్దు ఛార్జరు పీకిందెవురు?"

పెద్దాయనకు పట్టిన చెమట మళ్లిస్తే సోమశిల జలాశయం నిండేది.

"తొందరేం లేదు, ఆలోచించుకోండి. ఈ పొద్దు లైటు బాగానే ఉండాది."

"నేనే తల్లీ. నేనే పీకినాను."

ఆపరేషను దివ్యంగా జరిగింది. లేచి కూర్చోగానే ఆయన అన్న మొదటి మాట, "మత్తులో ఏందేందో వాగినానంట గదా."

"అప్పటికి మత్తు ఇంకా ఇయ్యలేదు సార్," అన్నారామె.

ఆయన మళ్లీ ఒప్పుకోలేదు. 'చేతికి చిక్కినాడు గదమ్మా, కొంచెం ఏడిపించి ఉండొచ్చు' అన్నాను నేను, మనసు ఉడికి. "నా పగ నాది, ఆయన ఊపిరి ఆయనది. రెండూ ఒక చేత్తో పట్టుకోకూడదయ్యా," అన్నారు.

నిన్న ఆత్మకూరులో సమాధి దగ్గరికి పెద్దాయన పూలదండతో వచ్చారు. దారికి అడ్డం నిలబడి, "ఇప్పుడన్నా చెప్పండి సార్," అన్నాను.

"పోయినామె పోయినాది. ఇంకెందుకు లేవయ్యా అయ్యన్నీ."

అందుకే నేను చెబుతున్నాను. అజాగ్రత్త ఆమెది కాదు. ఛార్జరు పీకింది ఆయనే.

అమ్మా, ఆ స్వరం, ఆ హస్తవాసి, ఆ నిండైన పగ ఈ సీమలో మళ్లీ పుట్టవు. మీ ఆత్మశాంతికి ప్రార్థించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన అశాంతి సంగతి నేను చూసుకుంటాను.