మామ కడుపులో పాలియెస్టర్ గుడ్డ

ఒకసారి హొసకోటె చెరువులో మొసలి నా స్కూటరు హారన్ మింగిందనీ, అమావాస్య నాడు అది నీళ్ళలోంచి మోగుతుందనీ మా మేనమామకు చెప్పాను. పాపం, రెండు అమావాస్యలు వెళ్ళి గట్టున కూర్చుని వచ్చాడు. అప్పట్నుంచీ నేను వాన పడుతోందన్నా కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకునేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు ఆయన కడుపులోని పెద్ద రక్తనాళం బుడగలా ఉబ్బింది. పగిలితే మనిషి దక్కడన్నారు. కడుపు కోస్తే తట్టుకునే ఒళ్ళు కాదు. మడిచిన గుడ్డగొట్టాన్ని తొడ దగ్గరి నాళంలోంచి పంపి, ఉబ్బిన చోట విప్పడం ఒక్కటే దారి. ఒప్పించడానికి ఇంట్లోవాళ్ళు నన్ను తోడిచ్చి ఆస్పత్రికి పంపారు. వాళ్ళ తెలివి అలాంటిది.

డాక్టరమ్మ గుంటూరు వైపు పిల్ల. మందుల చీటీల పుస్తకంలోంచి కాగితం చించి, ఏటవాలుగా మడతలు వేసి, చుట్టి, పెన్ను మూతలో దూర్చింది. బయటికి లాగి రెండు కొసలూ పట్టుకోగానే గొట్టంలా విచ్చుకుంది.

"ఇట్లాంటి కాగితం మడతల్ని చూసి కొందరు డిజైన్లు చేస్తున్నారండీ. మీకు వేసే గుడ్డగొట్టమూ అంతే, మడిచి పంపిస్తాం, లోపల ఓపెన్ అవుతుంది."

మామ ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. "ఈ కత నువ్వు నేర్పిచ్చిందే కదప్పా?"

"దేవుడి తోడు మామా, ఈమెను ఇప్పుడే చూడ్డం!"

"గుడ్డంటివే తల్లీ, ఏం గుడ్డ?"

"పాలియెస్టర్ అండీ."

బళేపేట అంగట్లో ముప్పై ఏళ్ళుగా పట్టుచీరలు తప్ప మరొకటి అమ్మని మనిషి మామ. "అంగట్లోకే రానీలేదు, కడుపులోకి రానిస్తానా?"

పరిస్థితి చక్కదిద్దుదామని నోరు తెరిచాను. "మైసూరులో ఒకాయనకు ఇదే వేస్తే, మర్నాడే చాముండి కొండ మెట్లన్నీ ఎక్కాడంట మామా!"

మామ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మడత మార్చకుండా బీరువాలో పెడితే పట్టుచీర మడత మీదే చినుగుతాది. మీది చినగదా?"

"చినగనే చినగదు!" అన్నాను నేను.

"చినగొచ్చండీ," అంది డాక్టరమ్మ. "మడత దగ్గరా కుట్టు దగ్గరా మాకూ భయమే. అందుకే ఏటేటా స్కాన్ తీసి చూస్తాం. లీకైతే మళ్ళీ రిపేర్ చెయ్యాలి."

కుదరబోయే పనిని ఈ పిల్ల చెడగొట్టిందనుకున్నాను. మామ మాత్రం చెప్పులు విప్పి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. చీరలో లోపముంటే తానే ఇప్పి చూపించే నేతగాని దగ్గరే నేను సరుకు కొనేది. వీడు మాత్రం బయట కూచోనీ."

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల చాలాసేపు ప్రశ్నలు నడిచాయి. చివరికి నర్సు ఒప్పుకోలు కాగితాలు తెచ్చి, నన్ను లోపలికి పిలిచి, బంధువుల తరఫున సాక్షి సంతకం కావాలంది.

"వీడా సాక్షి! ఇంకెవరూ లేరా?" అన్నాడు మామ.

లేరు. నేనే పెట్టాను. నేను రాసింది నా పేరేనా కాదా అని మామ కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివి, అప్పుడు తన సంతకం పెట్టాడు.