ఒంటిదుంగ వంతెన దగ్గర పులుసుకుండ

కాన్ థో నగరంలో మోటారుసైకిళ్ల రొద భరించలేనివాళ్లంతా ఆదివారం వచ్చేసరికి పడవెక్కి మా లంకలో వచ్చిపడతారు. మధ్యలో హౌ నది పాయ ఒకటి, అంతే. వచ్చి ఏం చేస్తారయ్యా అంటే, ఏమీ చేయరు. జామతోటల్లో తిరుగుతారు, వల ఉయ్యాలల్లో పడుకుంటారు, కోడి కూస్తే దానికి కూడా ఫోటో తీస్తారు. మధ్యాహ్నానికి ఆకలేస్తుంది. మా ఆడవాళ్ల పరువు ప్రతిష్ఠలన్నీ ఆ ఆకలి మీదే ఆధారపడి ఉన్నాయి.

ఎందుకంటే లంకలో ఏ ఒక్క ఇల్లూ భోజనమంతా వండదు. ఇంటికొక వంట. ఎవరి చేతికి ఏది కుదిరిందో అది వాళ్లు వండుకుని, కాలిబాటన మోసుకుంటూ ఉత్ ఖేవ్ ఇంటి పెరట్లో బల్ల మీదికి చేరుస్తారు. దీనికి ఎగిరే భోజనం అని పేరు పెట్టారు. ఎగిరేదేమీ లేదు, భుజాలు కాయలు కాయడం తప్ప. ఉత్ ఖేవ్ వయసులో చిన్నదే గాని మాటకారి. పడవలవాళ్లతో మాట్లాడేదీ, ఎవరి వంట ఉండాలో తేల్చేదీ ఆవిడే. బల్ల మీద వంట ఉన్న ఇల్లే ఇల్లు. లేని ఇంటిని ఎవరూ ఏమీ అనరు. అసలు ఆ ఇంటి మాటే ఎత్తరు, అదే వచ్చిన చిక్కు.

చీన్ లాయ్ వంట కొరమీను పులుసు. చీన్ అంటే తొమ్మిది. పుట్టింట్లో ఆమె ఎనిమిదో సంతానం. పెద్దబిడ్డను ఒకటి అని పిలిచి గాలీధూళీ కళ్లలో పడేసేంత తెలివితక్కువవాళ్లం కాదు గనక, మా లెక్క రెండు నుంచి మొదలవుతుంది. భర్త థిన్ చెరువులో కొరమీనులు పెంచుతాడు. చేప తాజాది, చింతపండు ఇంట్లోది, అనాస ముక్కలు, చేమకాడలు, చివర్లో గుప్పెడు జీలుగ పువ్వులు. ఆ పులుసు కోసమే మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లున్నారు.

వంటలు పంచుకున్న రోజున పులుసు కావాలని ఇంకొకావిడ కూడా పట్టుబట్టింది. ఆవిడ తూ థోమ్. ఇద్దరి చేతా వండించి రుచి చూశారు. లాయ్‌కి పులుసు దక్కింది, థోమ్‌కి నిమ్మగడ్డి వేసి ఉడికించే నత్తలు దక్కాయి. "నత్తలా! ఉడికించడానికి నేనెందుకు, నీళ్లు చాలవూ?" అని థోమ్ ఆ రోజే మూతి ముడిచింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు కొబ్బరిచెట్ల వైపూ, మరొకరు కాలువ వైపూ చూసేవారు.

ఒక వానకాలం లాయ్‌కి జ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ నాలుకను కూడా వెంట తీసుకుపోయింది. ఉప్పు నోట్లో వేసుకుంటే ఇసుక. చింతపండు చీకితే గుడ్డపీలిక. ఉప్పులో ఊరిన చేపల రసం సీసా మూత తీసి ముక్కు లోపలికంటా పెట్టుకున్నా ఏమీ లేదు. నెలలు గడిచినా తిరిగి రాలేదు. లాయ్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే పులుసు పోతుంది. పులుసు పోతే ఆదివారాలు చెరువుగట్టున కూర్చుని పడవలు లెక్కపెట్టుకోవాలి.

అందుకని చేతి కొలతను నమ్ముకుంది. చాలనట్టు పొయ్యి దగ్గరికి థిన్‌ను కేకేసి గరిటె అందించేది.

"ఎట్లా ఉంది?"

"బాగుంది."

"ఉప్పు?"

"ఉంది."

"పులుపో?"

"అదీ ఉంది."

"ఏదైనా తక్కువైతే చెప్పి చావరాదూ!"

"ఏం తక్కువే? వేడిగా ఉందిగా!"

థిన్ మంచివాడు. గడ్డి ఉడకేసి పెట్టినా బాగుందనే అంటాడు. అతని మాట పట్టుకుని వంట చేయడం కంటే పిల్లిని అడగడం నయం. కాని విచిత్రమేమిటంటే, బల్ల మీద పులుసుకుండ ఎప్పటిలాగే అడుగంటా ఖాళీ అయ్యేది. అతిథులు వేళ్లు నాక్కునేవారు. చేతులకు జ్ఞాపకం ఉంటుంది కాబోలు, నాలుకతో పనేముంది అని లాయ్ ధైర్యం తెచ్చుకుంది. లోలోపల కాస్త గర్వపడింది కూడా.

కొన్నాళ్లు ఇలా సాఫీగా సాగింది. తర్వాత పున్నమి పోటు వచ్చింది. నది ఉబ్బి తోటల్లోకి ఎక్కింది, కాలిబాట మోకాలిలోతు మునిగింది. లాయ్ పులుసుకుండను పడవలో పెట్టుకుని, తెడ్డు వేసుకుంటూ తిన్నగా ఖేవ్ పెరటి రేవుకు వెళ్లింది.

ఆ రోజు నగరం నుంచి ఒక పెద్ద కుటుంబం వచ్చింది. కొత్తకోడలు ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. ఇందులో ఉప్పు వేశారా?"

అత్తగారు మోచేత్తో పొడిచింది. "ఊరుకోవే. లంకల్లో చప్పిడే తింటారేమో. ఆరోగ్యానికి మంచిది."

ఆరోగ్యం కోసం ఎవరూ రెండో గరిటె వేసుకోలేదు. కుండ నిండుగా తిరిగొచ్చింది. లాయ్‌కి తల కొట్టేసినట్టయింది.

అందరూ వెళ్లాక ఖేవ్ గిన్నెలు సర్దుతూ మెల్లగా కదిపింది. "పిన్నీ, ఒంట్లో బాగాలేదా? పోనీ కొన్నాళ్లు పులుసు థోమ్ పిన్ని చేస్తుందిలే. నువ్వు విశ్రాంతి తీసుకో."

విశ్రాంతి అంటే ఏమిటో లాయ్‌కి తెలుసు, చెరువుగట్టున పడవల లెక్క. థోమ్ అక్కడే నత్తల గిన్నె తోముతోంది. ఇన్నేళ్లుగా కోరుకున్నది ఒళ్లోకి వచ్చిపడింది. ఎగిరి గంతేస్తుందనుకున్నారంతా. ఆవిడ తలైనా ఎత్తలేదు.

"నాకొద్దు. నాకు నత్తలు చాలు. ఏదో ఒకరోజు ఉప్పు మర్చిపోతే కొంపలేం మునగవు. వచ్చే ఆదివారం కూడా దాన్నే చెయ్యమను."

ఖేవ్ నోరెళ్లబెట్టింది. "సరే, ఇంకొక్కసారి చూద్దాం" అంది చివరికి.

లాయ్‌కి ఆ వారమంతా నిద్ర సరిగ్గా లేదు. ఇంకొక్కసారి అన్న మాట ఒకవైపు, నత్తలు చాలు అన్న మాట ఒకవైపు. పులుసు కోసం తనతో మాటలు మానేసిన మనిషి పులుసు వద్దనడమేమిటి? తను వండింది ఎప్పటిలాగే వండింది. గరిటె అదే, చేప అదే, థిన్ చెప్పిన బాగుంది కూడా అదే. మారింది ఒక్కటే. ఆ రోజు బాటన పోలేదు, వంతెన దాటలేదు.

వంతెన అంటే కాలువ మీద ఒంటిదుంగ, పట్టుకోవడానికి పక్కన వెదురు. కావడి మోస్తూ దాటడం కుదరదు. అందుకే లాయ్ పులుసుకుండను ఈవలి గట్టున బల్ల మీద దించి, ముందు గిన్నెలు ఆవలికి చేర్చి ఖేవ్ ఇంట్లో పెట్టి, మళ్లీ కుండ కోసం వచ్చేది. ఆ బల్ల థోమ్ ఇంటి ముందుది.

ఆదివారం నాటికి నీళ్లు తీశాయి. లాయ్ కుండ దించింది, గిన్నెలతో దుంగ దాటింది. కాని ఖేవ్ ఇంటికి వెళ్లలేదు. ఆవలి గట్టున అరటిబోదెల చాటున నిలబడి చూసింది.

థోమ్ బయటికి వచ్చింది. ఒక చేతిలో చేపల రసం సీసా, ఇంకో చేతిలో చింతపండు గుజ్జు. చుట్టూ చూసి కుండ మూత తీసింది. చెంచాతో రుచి చూసి, తల పక్కకు వంచి ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు ఆగింది. కాస్త పోసింది. మళ్లీ చూసింది. తన ఇంటి వంట కూడా ఆవిడ అంత శ్రద్ధగా ఎన్నడూ చేసి ఉండదు.

లాయ్‌కి ముందు ఒళ్లు మండింది. గబగబా దుంగ దాటి వచ్చేసింది.

"ఏమే! ఎన్నాళ్లనుంచీ ఈ పని?"

థోమ్ సీసాను వెనక దాచుకుంది. దాచుకున్నాక అది తన సీసాయే అని గుర్తొచ్చి మళ్లీ ముందుకు తెచ్చింది. "నీ జ్వరమప్పటినుంచీ."

"అంటే అంతకుముందు మూత తీయలేదా?"

"తీశాను. మొదటినుంచీ తీస్తూనే ఉన్నాను. నువ్వు ఏం వేసి జనాన్ని మాయచేస్తున్నావో కనిపెడదామని. వచ్చిన ప్రతిసారీ ఒక చెంచా తాగేదాన్ని. ఏడుపొచ్చేది, అంత బాగుండేది. ఒకరోజు చూద్దును గదా, నది నీళ్లు!"

"ఎవరితో చెప్పావ్?"

"నీతోనే మాట్లాడనుగా. నీ గురించి ఇంకెవరితో మాట్లాడతాను?"

లాయ్ బల్ల చివర కూలబడింది. మంట ఎటు పోయిందో పోయింది. "నాకేమీ తెలియడం లేదు, థోమ్. తీపి లేదు, పులుపు లేదు. చేపకీ చెక్కకీ తేడా తెలియడం లేదు."

"తెలుసులే."

"మరి ఖేవ్ ఇస్తానంటే తీసుకోవచ్చుగా?"

"తీసుకుని? నేను వండితే నా పులుసవుతుంది. నాది ఓడిపోయిన పులుసు." థోమ్ మూత పెట్టబోయి ఆగింది. మళ్లీ ఒక చెంచా తాగింది. "ఇప్పుడు సరిగ్గా ఉంది. ఇది నీది."

వంతెన కింద కాలువ నీళ్లు నదిలోకి తీస్తున్నాయి. ఆవల ఖేవ్ ఇంట్లో అతిథుల నవ్వులు వినిపిస్తున్నాయి. లాయ్ కుండలోకి తొంగి చూసింది.

"ఎట్లా ఉంటుంది?" అని అడిగింది.

"ఏది?"

"నాది. నేను మర్చిపోయానే. ఎంత ఆలోచించినా రావడం లేదు."

థోమ్ పక్కన కూర్చుంది. మాటలు వెతుక్కుంది. "ముందు పులుపు తగుల్తుంది. పళ్లు జివ్వుమంటాయి. ఇంతలోకే అనాస వచ్చి దాన్ని ఊరుకోబెడుతుంది. చేప ఎక్కడో అడుగున ఉంటుంది, తొందరపడదు. మింగాక కూడా కాసేపు పోదు. నేను ఇంట్లోకి వెళ్లి నత్తలు కడుక్కుంటుంటే కూడా నోట్లోనే ఉండేది, పాడుది."

లాయ్ కళ్లు తుడుచుకుంది.

"మళ్లీ చెప్పు" అంది.

"చల్లారిపోతుందే, పద" అని థోమ్ కుండ అందుకుంది. అందుకుని కూడా లేవకుండా, మొదటినుంచీ మళ్లీ చెప్పింది.