బాబు మెడలో పులిగోరు

నిడదవోలులో రైలెక్కిన పెద్దాయన నా ఎదురుగా కూర్చున్నాడు. కాలేజీలో రాళ్ళ గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యానన్నాడు. నా ఒళ్ళో బాబు మెడలోని పులిగోరు చీకుతుంటే, దాన్ని సుతారంగా అందుకుని అంచు వెంట బొటనవేలు నడిపాడు.

"ఇది ఎక్కడిదమ్మా?"

"మా నాన్నగారు చంపిన పులిదండి."

ఆ మాట అనడం నాకెప్పుడూ గర్వమే. పాపికొండల్లో పులి మీద పడితే నాన్న గొడ్డలితో ఒక్క వేటు వేశాడట. పంజా దెబ్బ మచ్చ ఆయన భుజం మీద ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు దాన్ని తడుముతూనే నిద్రపోయేదాన్ని. ఆ గోరు అప్పుడు నా మెడలో ఉండేది.

పెద్దాయన ముఖం వెలిగిపోయింది.

"పులిగోరు కాదమ్మా. గోరు అంచు ఇలా రంపంలా ఉండదు. ఇది సొరచేప పన్ను, రాయైపోయింది. మనిషి పుట్టకముందు మన వైపు సముద్రం ఉండేది. ఆ చేప ఈ రైలుపెట్టెలో సగం ఉండేదేమో. రాజమండ్రి దగ్గర సున్నపురాయి తవ్వేచోట ఇప్పటికీ ఇలాంటివి దొరుకుతాయి. పులికన్నా ఎంత గొప్పదో చూడండి."

నాకు ఆయన సముద్రం అక్కర్లేదు. నాన్న పెళ్ళికి ముందు ఆ తవ్వకాల్లోనే గుమస్తాగా పనిచేశాడు. మరి ఆ మచ్చ ఎలా వచ్చిందో.

తణుకు స్టేషనుకి నాన్న వచ్చాడు. బాబుని ఎత్తుకుని, "తాత పులిని ఎలా చంపాడో చెప్పనా?" అన్నాడు.

కిటికీలోంచి అది విన్న పెద్దాయన మెల్లగా షట్టరు దించుకున్నాడు. మొహం దాచుకోవాల్సింది ఆయన కాదు.