వీసా రాకముందే ఇచ్చిన పార్టీ

అమెరికా ఉద్యోగ వీసాల లాటరీలో నా పేరు వచ్చిందని ఆఫీసు నుంచి మెయిల్ రాగానే మేం చేసిన మొదటి పని బిర్యానీ ఆర్డరు చేయడం. ఫ్రిస్కోలో మాకు తెలిసిన నాలుగు కుటుంబాలు ఆ ఆదివారం మా ఇంటికి వచ్చాయి. పేరు రావడమంటే వీసా రావడం కాదని, దరఖాస్తు పెట్టుకోనివ్వడం మాత్రమేనని ఆ హాల్లో కూర్చున్న అందరికీ తెలుసు. అందరం ఆ మెట్టు మీదుగా వచ్చినవాళ్ళమే. అయినా మనవాళ్ళలో లాటరీ తగిలితే వీసా వచ్చేసినట్టే. మా అత్తయ్య గుంటూరులోని చుట్టాలందరికీ ఫోన్లు చేసి "కోడలికి వీసా వచ్చిందండీ" అని చెప్పేసింది. నేను సరిదిద్దలేదు. వినడానికి బాగుంది.

బీఫార్మసీ అయ్యాక పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చాను. ఆసుపత్రుల నిర్వహణలో మాస్టర్స్ చేశాను. ఆఖరి సెమిస్టర్‌లో పాప పుట్టింది. డిగ్రీ అందుకున్న వేసవిలోనే ఒక క్లినిక్కుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. అపాయింట్‌మెంట్ తీసుకుని రాని పేషెంట్లు ఎందుకు రావడం లేదో కనిపెట్టడం నా పని. చెప్పుకోవడానికి చిన్నదే కానీ, పొద్దున్నే లాప్‌టాప్ తెరిచేటప్పుడు నాకు హుషారుగా ఉండేది. చదువు తర్వాత ఇచ్చే ఏడాది అనుమతి అయిపోయినా, దరఖాస్తు తేలేదాకా పని చేసుకోవచ్చన్నారు. పాపను చూసుకోవడానికి అత్తయ్య వచ్చింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం కంపెనీ లాయరు ఫోన్ చేసింది. అంతకుముందు ఇమిగ్రేషన్ వాళ్ళు ఇంకా ఆధారాలు కావాలని అడిగితే పంపాం. అవి సరిపోలేదని దరఖాస్తు తిరస్కరించారు. నేను చేసే ఉద్యోగానికి ఫలానా చదువే ఉండాలని వాళ్ళకు అనిపించలేదట. ఇక లాగిన్ అవ్వొద్దు అంది. తెర మీద సగం రాసిన వాక్యం ఉంది. సేవ్ చేసుకోవచ్చా అని అడగబోయి ఊరుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చి షూస్ కూడా విప్పకుండా సోఫాలో కూర్చున్నాడు.

"హెచ్‌ఫోర్‌కి అప్లై చేసేద్దాం. నా వీసా మీద ఉండిపోవచ్చు కదా."

"ఉండి ఏం చెయ్యను?"

"ముందు ఉండు. తర్వాత చూద్దాం."

హెచ్‌ఫోర్ అంటే భర్త వీసా మీద ఉండడం. ఉండనిస్తారు, పని చేయనివ్వరు. ఆయన కంపెనీ గ్రీన్‌కార్డు పని మొదలుపెట్టి, అది కొంత దూరం నడిస్తే నాకూ అనుమతి రావచ్చు. ఆ పని ఇంకా మొదలే కాలేదు. వేరే దారి లేక ఒప్పుకున్నాను. ఆయన మీద కోపం లేదు. ఎవరి మీదో ఉంది, ఎవరో తెలియదు.

అత్తయ్య ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఆ రోజు తిన్నవాళ్ళలో ఎవరి కళ్ళు పడ్డాయో ఏమో."

"వాళ్ళేం చేశారత్తయ్యా? పిలిచింది మనమే."

"పిలిచినంత మాత్రాన నీ అదృష్టం అంత బాగుందనాలా?"

నవ్వొచ్చింది. ఆ వారంలో నవ్వింది అప్పుడొక్కసారే.

దిష్టి తీయడం తేలికే. ఇచ్చిన పార్టీని వెనక్కి తీసుకోవడమే కష్టం. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే ఆ రోజు వచ్చిన ఆంటీ ఒకావిడ పలకరించింది.

"ఏమ్మా, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కి ఇండియా ఎప్పుడెళ్తున్నారు? వెళ్తే చెప్పు, మా అమ్మాయికి రెండు డ్రెస్సులు తెప్పించుకోవాలి."

"డినై అయిందాంటీ."

ఆవిడ చేతిలో బెండకాయ విరగకుండా ఆగిపోయింది. "అయ్యో, లాటరీ తగిలింది కదా" అంది. ఆవిడకు తెలియక కాదు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఇలా ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వస్తున్నాను. చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ళను నేనే ఓదార్చాల్సి వస్తోంది.

ఇంట్లో ఇప్పుడు ఒక్క పాపకి మేం ఇద్దరం. నేను స్నానం చేయిస్తానంటే అత్తయ్య అప్పటికే చేయించేసి ఉంటుంది. పాప ఏడిస్తే ఇద్దరం ఒకేసారి లేస్తాం, ఒకరినొకరు చూసుకుని ఒకరం కూర్చుంటాం. ఎక్కువసార్లు నేనే కూర్చుంటాను. పాప వెళ్ళేది ఆవిడ దగ్గరికే. ఇన్నాళ్ళూ పాపకి దూరమవుతున్నానని దిగులుపడ్డాను. ఇప్పుడు రోజంతా పక్కనే ఉన్నా అదే దిగులు.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం పాత సహోద్యోగిని నుంచి మెసేజ్ వచ్చింది. నా పని ఇప్పుడు ఆమె చూస్తోంది. దక్షిణం వైపు క్లినిక్‌కి సోమవారాలు మాత్రమే పేషెంట్లు ఎందుకు రావడం లేదో అంతుపట్టడం లేదట, నీకేమైనా తెలుసా అని అడిగింది. నాకు తెలుసు. అక్కడికి ముసలివాళ్ళను తీసుకొచ్చే చర్చి వ్యాను సోమవారం తిరగదు. వేసవిలో నేనే ఫోన్లు చేసి కనుక్కున్నాను. రిపోర్టులో ఇంకా పెట్టలేదు.

అదంతా టైప్ చేసి, పంపేముందు మా ఆయనకు ఫోన్ చేశాను. "ఒక్క ముక్క చెప్తే తప్పా?"

"జీతం లేకపోయినా పని కిందికే వస్తుందేమో. అసలే హెచ్‌ఫోర్ పెండింగ్‌లో ఉంది. లాయర్ని అడుగుతా, ఆగు."

లాయర్ నుంచి ఇంకా ఏమీ రాలేదు. ఆ సాయంత్రమే ఆమె మళ్ళీ, "నువ్వు బాగానే ఉన్నావా?" అని పంపింది. దానికి జవాబివ్వడానికి ఎవరినీ అడగక్కర్లేదు. వ్యాను గురించి రాసింది చెరిపేసి, "బాగానే ఉన్నాను, పాప నడుస్తోంది" అని పంపాను. రేపు సోమవారం. అక్కడ మళ్ళీ సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి.