మా ఇంటి చెప్పుల జత

ఖమ్మంలో మేముండే వీధికి మిర్చి యార్డు దూరం కాదు. మాఘం చివరికొచ్చాక గాలి అటునుంచి మళ్లితే చాలు, ఎండుమిరప ఘాటు వంటింటి కిటికీలోంచి వచ్చి గొంతులో పడుతుంది. ఇంట్లో వాళ్లు తుమ్ముతూ కిటికీలు మూస్తారు. నేను మాత్రం దగ్గు వచ్చినా కాసేపు అక్కడే నిలబడతాను. కూలికి పోయిన అమ్మ ముదిగొండ మిరప చేల నుంచి తిరిగొచ్చినప్పుడు ఆమె కొంగులో, జుట్టులో ఈ వాసనే ఉండేది. అమ్మ పోయాక వచ్చిన మొదటి మిర్చి కాలం ఇది.

మా ఊరు టేకులపల్లి దాటి అడవిలోకి మళ్లే దారిలో ఉంది. చలి తగ్గి, టేకు ఆకులు రాలి, నడిస్తే కాళ్ల కింద అప్పడాల్లా విరిగే రోజుల్లో శివరాత్రి వచ్చేది. నాయనమ్మ కుండలో గెనుసుగడ్డలు ఉడకేసి మూత తీస్తే ఆ తీపి వాసనకు మేకపిల్లలు కూడా గడపలోకి వచ్చేవి. తర్వాత కొన్నాళ్లకు ఇప్పపూలు రాలేవి, వాటిని ఎండబెట్టి వేయించి, నువ్వులూ బెల్లమూ కలిపి రోట్లో దంచి ముద్దలు చేసి పెట్టేది, అవి తిన్న చేతులతోనే మేం అరుగు మీద చింతగింజలు అరగదీసి అష్టాచెమ్మా ఆడేవాళ్లం. ఆ పండగకు అటూ ఇటుగా ఊళ్లో ఆడవాళ్లు సగంమంది ఉండేవాళ్లు కాదు. ట్రాక్టర్లెక్కి మిరపకాయలు ఏరడానికి పోయేవాళ్లు. చేల దగ్గరే గుడిసెలు వేసుకుని, కోతలు అయ్యాకే తిరిగొచ్చేవాళ్లు.

మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే చెప్పుల జత ఉండేది. నీలం పట్టీల రబ్బరు చెప్పులు. కుక్క ఎత్తుకుపోకుండా వాటిని చూరులో చెక్కేవాళ్లం. ఎవరు దూరం పోతే వాళ్లు తీసుకునేవాళ్లు. నాయన సంతకు వేసుకుపోతే ఆయన మడమ వెనక నేలకు తగిలేది. నేను వేసుకుంటే చెప్పులో ఇంకో కాలికి చోటుండేది. పట్టీ తెగితే అమ్మ తన పిన్నీసు తీసి గుచ్చేది. చెప్పులు ఎక్కడున్నాయని అడిగేవాళ్లమే గాని అవి ఎవరివన్న మాట మా ఇంట్లో నేను వినలేదు.

ఆరో తరగతిలో మాకు ఇంగ్లీషు చెప్పే సారు ఖమ్మం నుంచి బస్సులో వచ్చేవాడు. ఆయన పుస్తకం ఎక్కువగా తెరిచేవాడు కాదు. ఒకరు ముందుకొచ్చి పని చేస్తూ ఆ పనిని ఇంగ్లీషులో చెప్పాలి, మిగతా పిల్లలంతా గొంతెత్తి ఆ మాటే అనాలి. లుక్ అన్న ఒక్క మాట వెనక ఒక చిన్న ముక్క చేరిస్తే చూడటం, ఇంకోటి చేరిస్తే వెతకడం, మరోటి చేరిస్తే బాగోగులు చూసుకోవడం అవుతుందని కిటికీకేసి చూసి, బల్ల కింద సుద్దముక్క వెతికి, ఏడుస్తున్న పిల్ల ముక్కు తుడిచి చూపించాడు. అది మాకు ఆటగానే ఉండేది. మై అన్న మాట దగ్గరే అందరం తడబడేవాళ్లం. ముఖం కడుక్కున్నా, జుట్టు దువ్వుకున్నా ఇంగ్లీషులో నాది అని చెప్పి తీరాలి. ఇంట్లో నేను ఐ వాష్ మై ఫేస్ అని అర్థంతో సహా వల్లిస్తుంటే నాయనమ్మ పొయ్యి ఊదడం ఆపింది.

"నా మొఖం కడుక్కున్న అనుడేందే? పక్కింటోళ్ల మొఖం కడిగొస్తరా ఎవరన్న?"

ఆ ఏడు మిర్చి కోతల సమయంలోనే బడికి పై అధికారి వస్తాడని తెలిసింది. సారు ఒక్కొక్కరికి ఒక వాక్యం పంచాడు. నాకు చెప్పులు తొడుక్కునే వాక్యం వచ్చింది. ఆ రోజే అమ్మ ముదిగొండ ట్రాక్టరెక్కాలి. పొద్దున చూరు కింద ఇద్దరం నిలబడ్డాం.

"ట్రాక్టరు పగటాలకు గదా, జల్దీ తెచ్చిస్తనే అమ్మా."

"మర్వకు బిడ్డా. ఆడ చేన్లన్ని పల్లేర్లే." చెప్పులు దించి, మట్టి దులిపి, నా ముందు పెట్టింది.

బడిలో నా వంతు వచ్చింది. అధికారి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఐ పుట్ ఆన్ మై స్లిప్పర్స్ అన్నాను. తరగతంతా అంది. ఆయన బాగుందన్నట్టు తల ఊపాడు. అప్పుడే గుమ్మంలో అమ్మ కనిపించింది. ట్రాక్టరు ముందే వచ్చేసింది. తలకు తువ్వాల చుట్టుకుని, చంకలో బట్టల మూటతో ఉంది.

"ఏమే, అయిందా నీ చదువు? మేస్త్రి ఒర్రుతుండు. చెప్పులియ్యి."

ముందు వరసలో కూర్చునే రమ గట్టిగానే అంది. "మై అంటివి గదనే! మీ అమ్మయా?"

తరగతి గొల్లుమంది. అధికారి కూడా నవ్వాడు. సారు పాఠం ఆగిపోతుందని భయపడ్డాడో, దాన్నీ పాఠంలో కలిపేద్దామనుకున్నాడో, "మార్చి చెప్పు" అంటూ తానే అందించాడు. ఐ టేక్ ఆఫ్ మై మదర్స్ స్లిప్పర్స్. మా అమ్మ చెప్పులు విడుస్తున్నాను. నేను తల వంచుకుని అన్నాను. తరగతంతా నవ్వుతూనే, రోజూ కంటే గట్టిగా అంది. చెప్పులు విడిచి గుమ్మం దగ్గర పెట్టాను. అమ్మ తొడుక్కుని, అధికారికి దండం పెట్టి, గబగబా పోయింది. ఆమె ట్రాక్టరెక్కేదాకా పిల్లలు ఆ మాట అంటూనే ఉన్నారు. ఆమె మా వైపు తిరిగి, తనను సాగనంపుతున్నారన్నట్టు చేయి ఊపింది.

నేను వట్టి కాళ్లతో బల్ల దగ్గరకు వెళ్లాను. ఆ గదిలో సగంమందికి చెప్పులు లేవు. ఆ సంగతి అంతకు ముందు నా కంటికి ఆనలేదు.

కోతలయ్యాక అమ్మ తిరిగొచ్చింది. మంటలెక్కిన చేతులను మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుని, నన్ను చూడగానే ఆ వాక్యం చెప్పింది. ఒక్క ముక్క కూడా పోలేదు. ఆ తర్వాత ఇంటికెవరొచ్చినా, "మా బిడ్డ ఇంగిలీసు వినున్రి" అని మొదలుపెట్టి తనే అనేది. నా పెళ్లిలో వియ్యపురాలి ముందు అంది. బ్యాంకులో నాకు ఉద్యోగమొస్తే, మిఠాయి పంచుతూ అంది. ఆ మాట మొదలవగానే నేను ఏదో పనున్నట్టు లోపలికి పోయేదాన్ని. దాని అర్థమేమిటని ఆమె ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నిరుడు వానల్లో ఆమె కాళ్లకు నీరు పట్టింది. దవాఖానాలో డాక్టరు గది బయట చెప్పులు విడవమన్నారు. ఆమె వంగలేకపోతే నేను కింద కూర్చుని, ఉబ్బిన పాదం పట్టుకుని పట్టీ తప్పించాను. నా తల మీద చేయి ఆనించి, అమ్మ మెల్లగా అంది.

"ఐ టేకాఫ్ మై మదర్ స్లిప్పర్స్."

తలెత్తి చూశాను. నవ్వుతోంది.

"నీకు ఎరుకేనా అమ్మా?"

"ట్రాక్టర్ల పది చదివిన పోరి ఉండె. గా దినమే చెప్పింది."

"మరి ఊరందరికి ఎందుకు చెప్పినవే? నేను సిగ్గుతోని సచ్చిపోయేదాన్ని."

"సిగ్గెందుకే? నువ్వు నేర్సిన ఇంగిలీసుల నేనున్న గదా." ఇంకో కాలు ముందుకు చాపింది. "ఇది గూడ తియ్యి. లోపల పిలుస్తున్నరు."

ఊళ్లో మా ఇంటికి ఇప్పుడు స్లాబు పడింది. చెప్పులు చెక్కడానికి చూరు లేదు. ఇక్కడ మా ఇంట్లో గుమ్మం పక్కన ఇనప స్టాండు, ఎవరి అర వాళ్లది, ఎవరి జతలు వాళ్లవి. అడుగు అరలో అమ్మ చెప్పులున్నాయి. ఎవరికైనా ఇచ్చేయమన్నారు గాని నేనివ్వలేదు. ఈ పొద్దున పాల ప్యాకెట్టు కోసం వాటినే తొడుక్కుని దిగబోతుంటే మా అబ్బాయి తలుపు దగ్గర ఆగాడు.

"అవి ఎవరివమ్మా?"

"మనయే," అన్నాను.