కడప స్టేషన్ పట్టే రేడియో

ఎనభైల చివర్లో హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక్క గదిలో కాపురం ఉండేవాళ్లం. నా భర్త సినిమాల్లో ఫైటర్. హీరో చేతిలో దెబ్బలు తిని పడిపోవడం అతని పని. నేను గుంపు సీన్లకు వెళ్లేదాన్ని. సెట్లో పడిన అవమానమంతా ఇంటికొచ్చి నా ఒంటిమీద తీర్చుకునేవాడు. మొదట్లో చెంపదెబ్బలు, తర్వాత బెల్టు. మొహం వాచిన రోజు నాకు పనిచ్చేవాళ్లు కాదు.

పెళ్లయ్యాక నన్ను పుట్టింటికి పంపలేదు. మా అక్క కడప రేడియోలో పాడేది. ఆమె గొంతైనా విందామని ఇంట్లో ఉన్న చిన్న రేడియో తిప్పితే, ముల్లు ఎక్కడ పెట్టినా హైదరాబాద్ స్టేషనే. కడప గరగరల కింద మునిగిపోయేది.

అతను ఔట్‌డోర్ షూటింగుకు వెళ్లినప్పుడు, పక్కగది డాన్సర్‌ను తోడు తీసుకుని యూసుఫ్‌గూడలో రేడియోల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన ముందు టేప్‌రికార్డర్ ఉన్న పెద్ద సెట్టు పెట్టాడు. మోత బాగానే ఉంది గానీ దూరం స్టేషన్ ఒక్కటీ పట్టలేదు. ట్యూబ్‌లైట్ల రొద కూడా అందులో కలుస్తోందని మిగతావి వీధిలోకి తెచ్చి విన్నాను. తోలు కవరున్న పాత సెట్టు ఒకటి దొరికింది. మూత తీస్తే లోపల రాగితీగ చుట్టిన నల్లకడ్డీ జానెడు పైనే ఉంది. సన్నగా వినిపించే దూరం స్టేషన్లను లాగేది అదేనట. కడ్డీ దిశ మారేలా సెట్టును మెల్లగా పక్కకు తిప్పాను. హైదరాబాద్ తగ్గిపోయి, కడప పలికింది.

అతను తిరిగొచ్చిన సాయంత్రం అక్క పాట ఉంది. ముందుగా ఎవరో మగగొంతు పాట వివరం చెబుతోంది.

"వీడి గొంతు వినడానికా కొన్నావు?" అన్నాడు.

అక్క పాడబోతోందని చెప్పేలోపే రేడియో ఎత్తి నా ఎడమ చెవిమీద కొట్టాడు. మూత ఊడింది, కడ్డీ రెండు ముక్కలైంది. జుట్టు పట్టుకుని నా తలను గుమ్మానికేసి బాదుతుంటే కళ్లలోకి రక్తం దిగింది. కేకలు విని డాన్సర్ వాళ్ల రోటి పచ్చడిబండతో వచ్చింది. అతని మణికట్టుమీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది.

"ఇంకోపారి చెయ్యి లేపితే రెండోది గూడ పోతది," అంది, గొంతు పెంచకుండా.

ఆ పూటే ఆమె గదికి మారిపోయాను. మరో రాత్రి చేతికి కట్టుతో అతను తాగి వచ్చి తలుపు తన్నాడు. ఈసారి పచ్చడిబండ నేనే పట్టుకుని తలుపు తీశాను. కొట్టడానికి సిద్ధంగానే ఉన్నాను. అతను నా మొహం వంక చూసి మెట్లు దిగిపోయాడు. కొన్నాళ్లకు మద్రాసు వెళ్లాడని విన్నాను.

కడ్డీ మార్పించినా ఆ సెట్టులో కడప మళ్లీ పలకలేదు. ఇంకోటి ఎంచుకోవడానికి అదే కొట్టుకు వెళ్లాను. ఎడమ చెవికి వినికిడి అప్పటికే పోయింది. ఒక్కో సెట్టునూ కుడిచెవికి ఆనించి, తొందరపడకుండా విన్నాను.